పేరు ఆఖరుకు

మొన్న చింతపండు కట్టి ఇచ్చిన కాగితాన్ని విప్పి, తడి ఆరబెట్టి, ఎప్పటిలాగే చదవబోయాను. పొట్లం కాగితాన్ని చదవకుండా పొయ్యిలో పెట్టే అలవాటు నాకు లేదు. అందులో ఒక ముసలావిడ ఫొటో ఉంది. దాని కింద “రాష్ట్రమంతటా వయోజన విద్యా కేంద్రాలు నెలకొల్పడంలో ఎంతో శ్రమించిన” అనే దాకా ఉంది. అక్కడ చిరిగిపోయింది. పేరు చిరిగిన ముక్కతో పాటే పోయింది. ముఖం మాత్రం మిగిలింది. ఒక కనుబొమ్మ ఎప్పుడూ పైకి లేచే ఉండే ఆ ముఖాన్ని పేరు లేకపోయినా పోల్చుకోగలను. అసలు మాలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచిందే లేదు. పంతులమ్మ, అంతే.

పొగడడానికి ఇది రాయడం లేదు. పోయినవాళ్లను పొగడడం ఖర్చులేని పని కాబట్టే అందరూ చేస్తారు. పత్రికవాళ్లు చేసినట్టే ఉన్నారు. నాకు తెలిసింది నేను రాస్తాను.

మేమప్పుడు ఉప్పుగూడలో ఉండేవాళ్లం. చిన్నప్పుడు నన్ను దబీర్‌పురాలో ఆడపిల్లల బడికి రెండేళ్లు పంపారు. అక్కడ చెప్పింది ఉర్దూ. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది ఉర్దూ. ఆ రెండూ ఒకదానికొకటి పరిచయం కాకముందే మా అమ్మ బడి మాన్పించింది. రాష్ట్రాలు కలిసిన కొత్తలో బస్తీబస్తీకీ పెద్దవాళ్ల బడులు పెడుతున్నారని విన్నప్పుడు నాకు పిల్లలు కూడా ఉన్నారు. మా ఇంటికి రెండు సందుల అవతల, జరీ పని చేసే ఖైరు బీ ఇంటి ముందుగదిలో ఆడవాళ్లకని ఒక కేంద్రం తెరిచారు. మార్కెట్ పని అయిపోయాక, పొయ్యి మళ్లీ వెలిగించేలోపు, మధ్యాహ్నం పూట చెప్పేవారు. కూరగాయలమ్మే వాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, ఇళ్లలో పని చేసేవాళ్లు వచ్చేవారు. నేనూ వెళ్లాను. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం నాకు చేతకాదు.

పంతులమ్మ సన్నగా, పొడుగ్గా ఉండేది. సుద్దముక్కను కొంగు చివర ముడి వేసుకునేది. ఏ పూట చూసినా ఆమె చీర అంచు తెల్లగా పిండి రాలినట్టు ఉండేది. మేము తప్పు చదివితే తప్పు అనేది కాదు. ఆ లేచిన కనుబొమ్మను ఇంకాస్త లేపి, “మళ్ల ఒకసారి పలకరియ్యి దాన్ని. నిన్ను గుర్తుపట్టలే,” అనేది. అక్షరమే మమ్మల్ని గుర్తుపట్టాలన్నట్టు.

సర్కారు ఇచ్చిన వాచకం ఉండేది గాని, ఆమె ఎక్కువగా పొట్లం కాగితాలతోనే చెప్పేది. ఇంటికి సరుకులు కట్టుకొచ్చిన కాగితాన్ని సాపు చేసి తెమ్మనేది. ఆ పద్ధతి నాకు నచ్చింది. పారేసేదాన్ని పనికి తెచ్చినవాళ్లంటే నాకు గౌరవం. కాకపోతే మా వైపు దుకాణాలలో కట్టేవన్నీ ఉర్దూ అఖ్బార్లే. తెలుగు కాగితం దొరకడం కష్టం. మేమంతా దుకాణదారు మీద పడేవాళ్లం.

“సేట్, తెలుగు కాయిదంల కట్టు.”

“కాయిదానికి గూడ భాష గావాల్నా మీకు? శక్కర తియ్యగుంటే సాలదా?” అని అతను నవ్వేవాడు. అయినా వెతికి కట్టేవాడు.

అన్నీ చినిగిన వార్తలే. ఒకసారి ఒక దొంగ కిటికీలోంచి ఒకరి ఇంట్లో దూరాడు. “మేలుకున్న ఇల్లాలు అతన్ని చూసి” అనే దగ్గర కాగితం ఆగిపోయింది. తరువాత ఏమైందని గదిలో లొల్లి.

“ఏమైతది? చీపురు తిరగేసి కొడ్తది,” అంది యాదమ్మ.

“అరే నై. చాయ్ పోస్తది. దొంగ ఎవరో కాదు, ఆమె మరిదే,” అంది ఖైరు బీ.

“నీ ఇంట్లకు ఎంతమంది దొంగలొచ్చిండ్రు బీ, చాయ్ దాగిపోనీకి?”

పంతులమ్మ కూడా నవ్వి, “మిగిలిన ముక్క ఎవరి పప్పుకో పొట్లమైంది. దొర్కవట్టుండ్రి,” అంది. ఆ వారమంతా ఆడవాళ్లు ఒకరింటి పొట్లాలు ఒకరు చూశారు. ఆ ముక్క దొరకలేదు. కాని వెతకడంలో చాలామందికి గుణింతాలు వచ్చేశాయి. ఆమె చదువు చెప్పే తీరు అది.

యాదమ్మ గురించి చెప్పాలి. మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలమ్మేది. మొగుడు పోయాడు. అతని తల్లి కాలం నుంచి వాళ్లకు మార్కెట్ లోపల, రేకుల కింద, గోడ వారన కూర్చునే జాగా ఉండేది. ఆ జాగా మీదే ఆమె ఇల్లు నడిచేది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. మాలో అందరికన్నా నెమ్మదిగా నేర్చుకునేది కూడా ఆమే.

పంతులమ్మకు ఒక పట్టు ఉండేది. ఎవరికీ వాళ్ల పేరు రాయడం నేర్పేది కాదు. మిగతా కేంద్రాలలో మొదటి వారంలోనే పేరు దిద్దించేవారు. ఈమె దగ్గర అది జరిగేది కాదు.

“పంతులమ్మా, దబీర్‌పురా సెంటర్ల మొదటి రోజే పేర్లు నేర్పిండ్రట. మాకెప్పుడు?” అని యాదమ్మ అడిగింది.

“ఆఖరుకు.”

“ఆఖరుకంటే? నన్ను కట్టెల మీద వెట్టినంకనా?”

“అంత దూరం గాదు. ఒక పొట్లం మొత్తం నువ్వొక్కదానివే చదివిన రోజు.”

“అయితే కట్టెల మీదనే,” అంది యాదమ్మ. అందరం నవ్వాం. ఎందుకు ఆఖరుకో పంతులమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కాని బయట యాదమ్మకు తలవంపులుగా ఉండేది. ఆమె మరిది మార్కెట్‌లో గంపలు మోసేవాడు. అందరిలో పిలిచి మరీ ఏడిపించేవాడు. “వదినే, కలెక్టరువైతున్నవట గద? ఏదీ, నీ పేరు రాయి సూద్దాం. రాదా? మరి రోజూ ఆడికి వొయ్యి ఏం జేస్తున్నవే, పేన్లు జూసుకుంటున్నరా?” పక్క గంపలవాళ్లు నవ్వేవారు.

దబీర్‌పురా స్టేషను దగ్గర ఒక బోర్డుల పెయింటరు ఉండేవాడు. ఆ రోజుల్లో కేంద్రాలు ఎక్కడెక్కడో కొత్తగా లేస్తున్నాయి. ఊరికొకటి, బస్తీకొకటి. ప్రతిదానికీ తలుపు మీద రేకు బోర్డు కావాలి. అతనికి తిండి తినే తీరిక ఉండేది కాదు. యాదమ్మ అతనికి కొత్తిమీర కట్టలిచ్చి, ఒక డబ్బా మూత మీద తన పేరు రాయించుకుంది. అతను బోర్డు రాసినట్టే రాశాడు. ఎర్రటి అక్షరాలు, వాటి కింద నల్లటి నీడ, చివరన ఒక మెలిక. యాదమ్మ ఆ బొమ్మను ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. ముందు ఎర్రగీత, తరువాత నీడ, ఆఖరున మెలిక. మిగతావాళ్లు అది చూసి మురిసి, తలా ఒక రేకు ముక్క పట్టుకుని అతని దగ్గరికి వెళ్లారు. కేంద్రాలను తనిఖీ చేసే పెద్దసారు చూడడానికి వచ్చే రోజు దగ్గర పడింది. ఆ రోజు అందరూ పేర్లు రాసి పంతులమ్మ పేరు నిలబెట్టాలని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. ఆమెకు ముందు తెలియకూడదు. తెలిస్తే సంబరం తగ్గుతుందట.

పెద్దసారు మంచి మనిషి. అరిచే రకం కాదు. చాప మీదే కూర్చున్నాడు. ఖైరు బీ ఇచ్చిన చాయ్ తాగాడు. పంతులమ్మ ఒక పొట్లం కాగితం తీసి, ఎవరితో చదివిద్దామా అని చూస్తోంది. ఇంతలో యాదమ్మ లేచి, “సారూ, నేను నా పేరు రాస్త,” అంది.

పంతులమ్మ కనుబొమ్మ దిగిపోయింది. అది దిగడం నేను చూసింది అప్పుడే.

యాదమ్మ పలక మీద ఎర్రగీత బదులు తెల్లగీత గీసింది. తరువాత ప్రతి అక్షరానికీ నీడ పెట్టింది. మెలిక తిప్పింది. సారు ముందుకు వంగి చూశాడు. “ఎంత అందంగా ఉందండీ! అచ్చు వేసినట్టుంది!” అన్నాడు. తరువాత ఒకరి వెనక ఒకరు రాశారు. అన్నీ నీడలతోనే. నాకు అప్పటికే అక్షరాలు కూర్చుకోవడం వచ్చు కాబట్టి నీడ లేకుండా రాశాను. నాది ఎవరూ మెచ్చుకోలేదు.

“సారూ, వీళ్లకు ఇంకా చదవరాదు. సగమే అయ్యింది,” అంది పంతులమ్మ.

“అదేమిటమ్మా! రాస్తున్నారు గదా. మీరు మరీ పట్టుదల మనిషి. ఒక్కరు మిగలకుండా సంతకాలు చేసిన కేంద్రం నేను చూడనే లేదు. ఇక్కడ పని పూర్తయినట్టే. ఈ పలకలు, బోర్డు పక్క బస్తీకి పంపిద్దాం. మనం వెళ్లవలసిన ఊళ్లు ఇంకా బోలెడున్నాయి.”

పద్ధతి అది. అందరూ సంతకం నేర్చుకుంటే కేంద్రం పూర్తయినట్టు. పూర్తయితే ఇంకో చోటికి. మేమెవరమూ ఆ సంగతి ఎరగం. ఆయన వెళ్లాక ఆడవాళ్లంతా పంతులమ్మ ఏదన్నా అంటుందని ఆమె ముఖం చూస్తూ నిలబడ్డారు. ఆమె ఒక్కొక్కరి పలకా చూసి, “ముద్దుగున్నయి,” అంది. అంతే అంది. వాళ్లు సంతోషంగా ఇళ్లకు వెళ్లారు.

పలకలు సర్దడానికి నేను ఉండిపోయాను. అప్పుడు నాతో అంది: “ఏలిముద్ర వేసెటోళ్లకు ఎవడన్న కాయిదం చదివి వినిపియ్యాలె. ఇద్దరు సాక్షులుండాలె. మన్నైనా దుమ్మైనా చెవుల వడ్తది. దస్కత్ జేసెటోళ్లకు ఎవడు వినిపిస్తడమ్మా? ఆమెకు చదువొస్తది గదా అంటరు. అందుకే పేరు ఆఖరుకు అన్న.”

“ముందే జెప్తే అయిపోతుండె గదా,” అన్నాను నేను. నాకు మెత్తగా మాట్లాడడం రాదు.

“జెప్తే భయపడ్తరు. భయపడ్డోళ్లు రేపు బడికి రారు,” అంది.

మరునాడు పెయింటరు వచ్చి బోర్డు దించాడు. ఉప్పుగూడ అన్న మాటను మాత్రం చెరిపి, అక్కడ ఇంకో బస్తీ పేరు రాశాడు. మిగతాదంతా అదే. సర్కారుకు రేకు మిగిలింది. అలా ఆ బోర్డు ఎన్ని ఊళ్లు తిరిగిందో. మా వాచకంలో సగం మిగిలి ఉండగా ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. సగం తిని వదిలేయడం నాకు పడదు కనుక నా వాచకం నేను ఇంట్లోనే కూడబలుక్కుని పూర్తి చేశాను. మిగతావాళ్లు పిల్లలకు బొమ్మలు చూపించడానికి ఉంచుకున్నారు. ఆ తరువాత ఆ కాగితాలూ పొట్లాలయ్యాయి.

పంతులమ్మను ఆర్గనైజరును చేశారు. కేంద్రాలు పెట్టడమే ఆమె పని అయ్యింది. చదువు చెప్పడం వేరేవాళ్ల పని. ఒకసారి దబీర్‌పురా స్టేషనులో కనిపించింది. గోనెపట్టాలో చుట్టిన రేకు బోర్డులు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. కొంగున సుద్దముడి లేదు.

“ఏడికి?” అని అడిగాను.

“నల్గొండ దిక్కు. ఆడికెళ్లి ఇంకా అవుతల.”

“మస్తు పెరిగినయంట గద బళ్లు?”

“పెరిగినయి. బోర్డు వెట్టొస్త, మళ్ల వొయ్యి చూసెసరికి దించేసుంటరు. అంత జల్ది చదువులు అయిపోతున్నయి,” అంది. రైలు వచ్చింది, ఎక్కింది.

యాదమ్మ సంగతి ఆ తరువాతది. ఆమె మరిది ఒకనాడు ఒక కాగితం తెచ్చాడు. “మార్కెట్ జాగాకు కొత్త పర్మిట్ ఇస్తున్నరు వదినే. ఏలిముద్రయితే దఫ్తర్‌కు వోవాలె, సాక్షులు గావాలె, మస్తు పరేషాన్. నువ్వు సదువుకున్నదానివాయె. ఈడ్నే జెయ్యి,” అన్నాడు. ఏడిపించిన నోటితోనే చదువుకున్నదానివి అన్నాడు. ఆ మాటకు ఆమె గంప దించి, చెయ్యి కడుక్కుని మరీ సంతకం చేసింది. నీడతో సహా. వారం తిరక్కుండా ఆ జాగాలో అతని పెళ్లాం గంప పెట్టుకుని కూర్చుంది.

నేను కబురు పంపాను. పంతులమ్మ వచ్చింది. యాదమ్మనూ నన్నూ తీసుకుని మార్కెట్ దఫ్తరుకు వెళ్లింది. లోపల మార్కెట్ అధికారి దారోగా, ఆయన పక్కన రాతపని చేసే మున్షీ. గోడంతా వేళ్లు తుడిచిన సిరా మరకలు. మరిది కూడా వచ్చి ద్వారం దగ్గర నిలబడ్డాడు.

దారోగా కాగితం తీసి చూపించాడు. “యే దస్తఖత్ నీదేనా అమ్మా?”

“నాదే.”

“చదివే పెట్టినవా?”

ఆ ఒక్క మాట మీద అంతా ఉంది. చదవలేదు, నాకు రాదు, అంటే కాగితం చెల్లదు. జాగా తిరిగి వస్తుంది. ఈ సంగతి పంతులమ్మ దారిలో ఆమెకు రెండుసార్లు చెప్పింది. యాదమ్మ తలూపింది కూడా.

యాదమ్మ ద్వారం వైపు చూసింది. మరిది నవ్వు ఆపుకుంటున్నాడు. అతని వెనక మార్కెట్ గంపలవాళ్లు నలుగురు మెడలు చాపి చూస్తున్నారు.

“అయ్యా, ఆమెకు చదువు పూర్తిగ—” అని పంతులమ్మ మొదలుపెట్టింది.

“నువ్వూకో పంతులమ్మా,” అంది యాదమ్మ. “నాకు రాదని నువ్వే జెప్తవా? పెద్దసారు ముంగట రాయలేదా నేను? సదివే పెట్టిన దారోగా సాబ్.”

“ఖతం,” అన్నాడు దారోగా. మున్షీ అదే సంగతి ఇంకో కాగితం మీద రాశాడు. చదివి, ఇష్టపూర్వకంగా సంతకం చేశానని. యాదమ్మ కూర్చుని మళ్లీ సంతకం చేసింది. గీత, నీడ, మెలిక. ఎంత సేపు పట్టినా మున్షీ ఓపిగ్గా చూశాడు. తరువాత, దఫ్తరులో రాసిన కాగితం కాబట్టి, సాక్షి సంతకానికని దాన్ని పంతులమ్మ ముందుకు తోశాడు.

పంతులమ్మ కలం తీసుకోలేదు. సిరా దిండు దగ్గరికి లాక్కుని, బొటనవేలు అద్దింది.

“ఏందమ్మా ఇది! మీరు సదువు జెప్పెటోళ్లు గద!” అన్నాడు మున్షీ.

“నాకు రాదు. ఏలిముద్ర వేసెటోళ్లకు చదివి వినిపియ్యాలె గదా? రెండు కాయిదాలు చదువుండ్రి. గట్టిగ.”

మున్షీ దారోగా వైపు చూశాడు. దారోగా విసుగ్గా చెయ్యి ఊపాడు. మున్షీ చదివాడు. ఫలానా గోడ వారనున్న జాగా, ఫలానా వాడికి, ఇక మీదట తనకు గాని తన పిల్లలకు గాని ఏ హక్కూ లేకుండా. యాదమ్మ ఆ మాటలు వినడం అదే మొదలు. పిల్లలకు గాని అన్నప్పుడు ఆమె చెయ్యి కాగితం వైపు కదిలింది. మళ్లీ ఒళ్లోకి వచ్చింది. చదవడం అయిపోయింది. పంతులమ్మ వేలిముద్ర వేసింది. వినడం వల్ల ఏదన్నా మారుతుందని పంతులమ్మ అనుకుందేమో నాకు తెలియదు. ఏదీ మారలేదు.

బయటికి వచ్చాక యాదమ్మ ఆగింది. “గంత సదువుకున్నదానివి, అందర్ల ఏలు అద్దితివి. ఎవర్ని ఎక్కిరిచ్చినవమ్మా?”

“నిన్ను గాదు యాదమ్మా.”

“మరెవర్ని? నా జాగా వొయ్యింది. గా ఇజ్జత్ ఒక్కటన్న మిగలనియ్యకపోతివి.”

యాదమ్మ కొంగు నడుముకు దోపి వెళ్లిపోయింది. మళ్లీ పంతులమ్మతో మాట్లాడలేదు.

ఆ తరువాత పంతులమ్మను నేను ఒక్కసారే చూశాను. ఏదో కొత్త కేంద్రం పని మీద మాదన్నపేట వచ్చింది. యాదమ్మ కనబడుతుందేమోనని మార్కెట్ వైపు నడిచాం. యాదమ్మ గేటు బయట, మోరీ కాలువ పక్కన, ఒక తెల్లగోడ కింద గంప పెట్టుకుని కూర్చుని ఉంది. నీడ ఉంది, జనం నడిచే దారి. మంచి చోటే దొరికిందనుకున్నట్టు ధీమాగా కూర్చుంది. ఆమె తల మీద, గోడకు ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఇక్కడ కూర్చుని అమ్మరాదు, అమ్మినచో సరుకు స్వాధీనం చేసుకోబడును, అని మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంది.

పంతులమ్మ నిలబడి అదంతా చదివింది. నేనూ చదివాను. ఇద్దరం దూరంగానే ఉన్నాం.

“నేను వొయ్యి జెప్తానుండు. కూరలన్న దక్కుతయి,” అని నేను కదిలాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అన్నేళ్లు అందరికీ చదువు రావాలని ఊళ్లు తిరిగిన మనిషి, గొంతు తగ్గించి, “జెప్పకు. జెప్తే లేస్తది. లేసి ఏడికి వోతది?” అంది.

అక్కడి నుంచి మేము వెనక్కి తిరిగాం.